నలభై ఎనిమిది సొరుగులు, రెండున్నర అడుగులు

నేను ఒక సొరుగుల బల్లను. నిలువు వరసలు పన్నెండు, అడ్డ వరసలు నాలుగు, మొత్తం నలభై ఎనిమిది సొరుగులు. పొడవు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, ఎత్తు మూడడుగులు, లోతు రెండడుగులు. పరిచయంలోనే ఈ కొలతలన్నీ ఎందుకంటారా? నా బతుకంతా వాటిలోనే ఇరుక్కుపోయింది మరి.

పాలకొల్లు బజారులో మానేపల్లి వారి కిరాణా కొట్టు కోసం నన్ను చేయించారు. చేయించినవాడు రంగయ్య. వడ్రంగి మూడు నెలలు కొట్టు వెనకే కూర్చుని చేశాడు. చట్రం మద్ది, సొరుగుల ముఖాలు టేకు, లాగే గుండీలు ఇత్తడి. పై వరసలోని పన్నెండు సొరుగుల మీద బోర్డులు రాసే మనిషి తెల్ల రంగుతో పేర్లు రాశాడు. ధనియాలతో మొదలై ఇంగువతో ముగుస్తాయి. రంగయ్య తర్వాత కొట్టూ, నేనూ ఆయన కొడుకు గున్నేశ్వరరావు చేతికి వచ్చాం.

ముప్పై ఏడేళ్ళు ఆయన నా ముందు నిలబడ్డాడు. నా వైపు చూడకుండానే ఏ సొరుగైనా లాగేవాడు. జీలకర్ర అడిగితే చెయ్యి వెనక్కి వచ్చేది, కళ్ళు మాత్రం కొనేవాళ్ళ ముఖం మీదే ఉండేవి. పొద్దున నిండుగా ఉన్న సొరుగులో సాయంత్రానికి అడుగు కనిపించేది. ఏ సరుకునైనా రెండు నెలలపాటు అడిగేవాళ్ళు లేకపోతే గున్నేశ్వరరావుకు నిద్ర పట్టేది కాదు. దాన్ని ముందుకు తెచ్చి, దోసెడు కొసరు వేసి అయినా సరే బయటికి పంపేసేవాడు. "ఇది గోదాం కాదు, కొట్టు. లోపలికొచ్చింది బయటికెళ్ళాలి" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా బతుక్కి ఒక లెక్క ఉందనిపించేది.

తర్వాత బజారు రోడ్డు వెడల్పు చేశారు. కొట్టులో ముందు సగం రోడ్డులోకి పోయింది. వెనక సగంలో మళ్ళీ కొట్టు పెట్టుకునే ఓపిక గున్నేశ్వరరావుకు పోయింది. కాటా ఒకరు తీసుకున్నారు, నూనె డబ్బాలు ఒకరు, గోనె సంచులు ఒకరు. నన్ను అడిగినవాళ్ళు నలుగురున్నారు. ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటికి ఫోన్ చేసి భార్యను పిలిచాడు. ఆవిడ పేరు వాసవాంబ.

"ఏవే, పడగ్గదిలో కిటికీ కింద గోడ ఉంది చూడు, అది ఎన్ని జానలుందో కొలువు."

ఇక్కడ ఆయన నా మీద జాన వేసి అప్పటికే కొలిచాడు. తొమ్మిది జానలు. అవతల ఆవిడ గోడ కొలిచి చెప్పింది.

"సరిగ్గా తొమ్మిదండీ. గోరు సందు కూడా మిగల్లేదు."

"చాలు. అచ్చంగా సరిపోద్ది."

కాటా ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఒరిగితే ఒప్పుకోని మనిషి, తన చేతి జానా భార్య చేతి జానా ఒకటే అనుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ చేతి వంట తింటున్నాడు. అది ఎంత చిన్న చెయ్యో ఎప్పుడూ చూసినట్టు లేడు. ఆయన తొమ్మిది జానలకూ ఆవిడ తొమ్మిది జానలకూ మధ్య అడుగు పైన తేడా వచ్చింది.

ఆ తేడా తెలిసేసరికి నేను ఇంట్లో ఉన్నాను. ఇల్లు రెండో అంతస్తులో ఉన్న చిన్న ఫ్లాటు. మెట్ల మలుపు దగ్గర నేను తిరగలేదు. నలుగురు కూలీలు తాళ్ళు కట్టి, కేకలు వేసి, బాల్కనీలో నుంచి లాగారు. పడగ్గది గోడకు ఆనిస్తే నా ఒక మూల తలుపుకు అడ్డం వచ్చింది. హాల్లో పెడితే మనిషి కూర్చోవడానికి చోటు లేదు. ఆఖరికి పడగ్గదికీ స్నానాల గదికీ మధ్య ఉన్న నడవాలో దింపారు.

"రెండ్రోజులు ఇక్కడుండనీ. చూద్దాం" అన్నాడు గున్నేశ్వరరావు.

ఆ వారమే కోతులు వస్తున్నాయని బాల్కనీకి ఇనప గ్రిల్లు బిగించారు. వెల్డింగు నిప్పురవ్వలు నాకు నడవాలోంచి కనిపించాయి. మెట్ల మీదుగా దిగలేను, బాల్కనీ మూసేశారు. ఇంక ఈ ఇంట్లో నుంచి నేను బయటికి వెళ్ళే దారి లేదని ఆ రవ్వలు చూస్తుంటే తెలిసింది. వాళ్ళకు తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

నడవా వెడల్పు మూడున్నర అడుగులు. నేను రెండడుగులు తీసుకున్నాను. మిగిలిన అడుగున్నరలో ఆ ఇద్దరూ పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, స్నానానికి వెళ్ళి వచ్చేవారు. ఆరేళ్ళు అలాగే వెళ్ళారు. మనుషులు దేనికైనా అలవాటు పడిపోతారు. పెద్ద ఇబ్బందిని తీసేయడం కన్నా, చిన్నగా పక్కకు తిరగడం వాళ్ళకు సులువు.

నేను మాత్రం అలవాటు పడలేదు. నా నలభై ఎనిమిది సొరుగుల్లోకి ఏమొచ్చాయో చెబుతాను. వంకర మేకులు. ఎప్పుడో పోయిన తాళాలకు తాళంచెవులు. పెళ్ళయి పిల్లలు కూడా పుట్టేసినవాళ్ళ శుభలేఖలు. సిరా అయిపోయిన పెన్నులు ఒక సొరుగు, ఆ పెన్నుల మూతలు ఇంకో సొరుగు. పొట్లాలు కట్టగా మిగిలిన పురికొస ముక్కలు, దేనికీ మూరెడు పొడవు లేదు. 'జీలకర్ర' అని రాసిన సొరుగులో పాత కరెంటు ఫ్యూజులు. 'యాలకులు' సొరుగులో రేకు డబ్బా, ఆ డబ్బాలో ఇంకో చిన్న డబ్బా, అందులో ఏమీ లేదు. నెలకొకసారి లెక్క వేసుకునేదాన్ని. లోపలికొచ్చినవి ఇన్ని, బయటికెళ్ళినవి సున్నా. కొట్టులో ఇలాంటి నెల ఒక్కటి వచ్చి ఉంటే గున్నేశ్వరరావు తిండి మానేసేవాడు. ఇక్కడ ఆయనే ప్రతి ముక్కనూ చేత్తో తుడిచి లోపల పెట్టేవాడు. "ఎప్పుడో పనికొస్తాది" అనేవాడు. రోజుకు నాలుగుసార్లు నా ముందు నిలబడి ఏదో ఒక సొరుగు లాగి, చూసి, మళ్ళీ మూసేవాడు. కొనేవాళ్ళు లేని కొట్టుకు యజమాని.

వాసవాంబ ఊరుకోలేదు. ఇల్లు సర్దుకోవడం గురించి ఫోన్లో వీడియోలు చూసేది. పాత చీర కత్తిరించి, జేబులు కుట్టి, తలుపు వెనక వేలాడదీసింది. అట్టపెట్టెలు కోసి సొరుగుల్లో అరలు చేసింది. మంచం కింద తోయడానికి చక్రాల పెట్టెలు తెప్పించింది. స్నానాల గది పైన అటక కొట్టించింది. ఆవిడ పనితనం మెచ్చుకోదగ్గదే. కానీ జేబులు వచ్చేసరికి జేబుల్లో పెట్టడానికి సామాను వచ్చింది, అటక వచ్చేసరికి అటక మీదకి సామాను ఎక్కింది. సామాను తగ్గించడం కోసమని ఆ ఏడాది ఇంట్లోకి ఇరవై మూడు కొత్త డబ్బాలు వచ్చాయి. వాటిలో పట్టనివి మూటలు కట్టి నా కాళ్ళ దగ్గర పెట్టారు.

ఆ మూటల్లో ఒకటి తగిలే గున్నేశ్వరరావు పడ్డాడు.

మధ్యాహ్నం మూడింటికి స్నానాల గదికి వెళ్తున్నాడు. పక్కకు తిరిగి నడుస్తున్నవాడికి కాళ్ళ దగ్గర ఏముందో కనిపించదు. పడేటప్పుడు నన్ను పట్టుకోబోయాడు. చేతికి ఇంగువ సొరుగు దొరికింది. అది ఊడి ఆయనతోపాటే కింద పడింది. గోడను పట్టుకుంటే నిలిచేవాడేమో. నన్ను నమ్మాడు.

తుంటి ఎముక విరిగింది. భీమవరంలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. పడగ్గది తలుపు ఎదురుగా మంచం వేశారు, అక్కడి నుంచి నేను ఆయనకు కనిపిస్తాను. ఫిజియోథెరపీ చేయించడానికి సత్యవాణి అనే ఆవిడ వచ్చేది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, గట్టి గొంతు. మంచం పక్కన వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించింది. ఐదో అడుగుకు నడవా వచ్చింది. వాకర్ వెడల్పే రెండడుగులు. అది నాకూ గోడకూ మధ్య అడ్డంగా ఇరుక్కుంది. ఆయన దాని వెనక నిలబడి ఉండిపోయాడు.

"ఇలాగైతే కుదరదండి బాబాయ్ గారూ" అంది సత్యవాణి. "రెండున్నర అడుగుల దారన్నా ఉండాలి. రోజూ బాత్రూం దాకా మీ కాళ్ళతో మీరు వెళ్ళి రావాలి. ఇంకో నెల ఇలా మంచం మీదే ఉన్నారంటే కండ కరిగిపోద్ది. అప్పుడు ఇక మంచమే, చెప్తున్నాను."

"బల్ల తీయించేద్దామండీ" అంది వాసవాంబ ఆవిడ వెళ్ళాక.

"ఎక్కణ్ణించి తీయిస్తావ్? గ్రిల్లు కోయిస్తావా?"

"ముక్కలు చేయిస్తా."

"దాని మీద చెయ్యేస్తే ఊరుకోను." ఆ మాట పెద్దగా అరిచాడు. అరిచిన శ్రమకు దగ్గు వచ్చింది. "కొట్టు పోయింది, కాలు పోయింది, ఇంక అదొకటుంది. అది కూడా నీ కళ్ళల్లో పడిందా?"

 ఆవిడ మంచం కింద నుంచి ఆయన ఒంటికీ రెంటికీ పెట్టే గిన్నె తీసుకుని, నా పక్క నుంచి ఒరుసుకుంటూ వెళ్ళి, కడిగి తెచ్చింది. రోజుకు ఐదారుసార్లు అలా వెళ్ళేది. ఆవిడ వెళ్తున్నప్పుడు ఆయన ముఖం గోడవైపు తిప్పుకునేవాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక సంగతి ఆవిడకన్నా ముందు నేను గమనించాను. పక్కన పెట్టిన మంచినీళ్ళ సీసా సాయంత్రానికి కూడా సగం దిగడం లేదు. ఇంత లెక్క తెలిసిన మనిషి, లోపలికి వెళ్ళేది తగ్గిస్తే బయటికి వచ్చేది తగ్గుతుందని లెక్క కట్టుకున్నాడు. భార్య చేత గిన్నె పట్టించుకునే సార్లు తగ్గించుకోవడానికి దాహం మానేశాడు. పెదాలు ఎండి పొక్కులు వచ్చాయి. తర్వాత ఆవిడా చూసింది. సీసా చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి చూసి, మళ్ళీ కింద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. కింద పోర్షన్ ఆటో దుర్గారావు.

"గున్నేశ్వర్రావు గారూ, చిన్న స్క్రూలేవన్నా ఉన్నాయాండీ? బండి సీటు ఊగిపోతందండి."

వాసవాంబ వంటింట్లోంచి బయటికి రాలేదు. మంచం మీద ఆయన తల ఎత్తాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొట్టులో 'లేదు' అనే మాట నోట రానివ్వకూడదని రంగయ్య కొడుక్కి నేర్పాడు. సరుకు అయిపోతే, "నిండుకుందండి, రేప్పొద్దున తెప్పిస్తాను" అనేవారు, తెప్పించేవారు. ఉన్నదాన్ని దాచి లేదనడమైతే ఆ వంశంలో ఎవరికీ తెలియదు. అడిగే గొంతు వింటే గున్నేశ్వరరావు చెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్తుంది. ఇది వాసవాంబకు తెలుసు.

"మూడో వరస, ఐదోది లాగు" అన్నాడు. "అది కాదయ్యా, దాని పక్కది. ఎన్ని కావాలి?"

"రెండు చాలండి."

"రెండు ఎవడిస్తాడు? పిడికెడు తీసుకెళ్ళు."

"ఆయ్, అలాగేనండి."

ఆరేళ్ళలో మొదటిసారి నాలోంచి ఏదో బయటికి వెళ్ళింది. పిడికెడు స్క్రూలే. నాకు మాత్రం మణుగు బరువు దిగినట్టయింది.

పక్క ఫ్లాటు మాణిక్యాంబ పురికొస అడిగింది, పూలు కట్టుకోవడానికి. పై అంతస్తు టీచరమ్మ పిల్లలచేత బొమ్మలు చేయించడానికి పెన్నుల మూతలు, శుభలేఖలు అడిగింది. ఇంకొకరు రేకు డబ్బాలు. రెండో రోజుకు ఆయన తలగడకు ఆనుకుని కూర్చున్నాడు. మూడో రోజుకు జుట్టు దువ్వమన్నాడు. సొరుగు పేరు, వరస, పక్క సొరుగు గుర్తు, ఒక్కటీ తప్పు చెప్పలేదు. కొసరు మాత్రం అందరికీ వేశాడు. ఫ్యూజులు అడిగిన మనిషికి తాళంచెవులు కూడా అంటగట్టాడు.

"ఏవే" అన్నాడు ఐదో రోజు, "ఈ బిల్డింగు వాళ్ళందరికీ ఒక్కసారే ఇన్ని అవసరాలు ఎలా పుట్టుకొచ్చాయి?"

"నాకేం తెల్సండీ. మీ కొట్టు పేరలాంటిది."

ఆయన ఆవిడ వైపు కాసేపు చూశాడు. వాళ్ళందరినీ పంపింది ఆవిడేనని తెలిసిందో లేదో నేను చెప్పలేను. ముప్పై ఏడేళ్ళు కొనేవాళ్ళ ముఖాలు చదివిన మనిషి. తెలిసినా కొట్టు మూయడం ఇష్టం లేక ఊరుకుని ఉంటాడు.

వారానికి నేను ఖాళీ. మూటలు కూడా వెళ్ళిపోయాయి. కానీ దారి ఇంకా అడుగున్నరే. ఖాళీ సొరుగులైనా రెండడుగుల లోతు రెండడుగులే. ఇన్నాళ్ళూ లోపలున్న చెత్తను తిట్టుకున్నాను గానీ, ఆ ఇంట్లో అడ్డంగా పడి ఉన్న పెద్ద సామాను నేనే. ఆ లెక్క వేసుకున్న రోజు నాకు బాగుండలేదు.

ఆ సాయంత్రం వాసవాంబ చేతిలో సంచి పట్టుకుని వచ్చింది. మంచం దగ్గరికి వెళ్ళలేదు. కొట్టు ముందు నిలబడినట్టు నా ముందు నిలబడింది.

"కొట్టు బాబుగారూ" అంది.

ఆయన నవ్వాడు. "ఏం కావాలమ్మా? అన్నీ ఊడ్చేశారు. ఇంకేం మిగిలిందని?"

"రెండున్నర అడుగుల దారి కావాలండి. ఉందాండీ?"

నవ్వు ఆగిపోయింది.  ఆవిడ సంచి రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎవరికి?" అన్నాడు.

"మా ఆయనకండి. మంచినీళ్ళు తాగడం మానేశాడు."

గున్నేశ్వరరావు గోడవైపు తిరిగిపోయాడు. వీపు కనిపిస్తోంది. చొక్కా భుజం దగ్గర కదిలింది. ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. సరుకు అడిగి, జవాబు కోసం నిలబడ్డ మనిషిలా నిలబడింది. నా సంగతి చెప్పాలంటే, ఆయన ఏమనబోతున్నాడో నాకు తెలుసు. ఆయన నోట 'లేదు' అనే ఒక్క మాటే రాదు, ఆ మాట వస్తేనే నేను మిగులుతాను.

"ఇప్పుడైతే నిండుకుంది" అన్నాడు గోడతో. "రేప్పొద్దున రండి. తెప్పిస్తాను."

పొద్దున వడ్రంగి బ్రహ్మాజీ వచ్చాడు. నన్ను తట్టి, వంగి, వాసన చూశాడు.

"ఇలాంటి టేకు ఇప్పుడు దొరకదండి. కొయ్యాలంటే చెయ్యి రావట్లేదు బాబూ. కావాలంటే గ్రిల్లు కోయించి కిందకి దింపుదాం, మంచి బేరం కుదురుస్తాను."

"బేరం వద్దు" అన్నాడు గున్నేశ్వరరావు. ఆ రోజు మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. "వెనక నించి కొయ్యి. పదిహేను అంగుళాలు తీసెయ్యి, తొమ్మిది ఉంచు. సొరుగులు కూడా అంతే. ముందు మొహం ముట్టుకోవద్దు. పై పలక అంచు గుండ్రంగా చెయ్యి, చెయ్యి ఆనాలి. గోడకి బోల్టులేసి బిగించు, ఎంత బరువేసినా కదలకూడదు." నా వైపు చూసి, "ఇంకోసారి నన్ను పడెయ్యకూడదు" అన్నాడు.

"తీసిన ముక్కలేం చెయ్యమంటారు?" అని అడిగాడు బ్రహ్మాజీ.

"ఆవిడనడుగు."

వాసవాంబ అప్పటికే కొలత టేపు పట్టుకుని ఉంది. వంటింటి తలుపు పైన ఒక పొడవాటి అర, స్నానాల గదిలో కూర్చోవడానికి ఒక ఎత్తు పీట కావాలంది.

కోత రెండు రోజులు సాగింది. దాని గురించి ఎక్కువ చెప్పను. వెనకభాగం నాకు ఎప్పుడూ కనిపించింది కాదు, పోయాక కూడా కనిపించలేదు. ఇన్నేళ్ళ ధనియాల వాసన ఇంకా అక్కడే ఉందట. రంపపు పొట్టు రాలుతుంటే ఇల్లంతా కొట్టు వాసన వేసిందని మాణిక్యాంబ వచ్చి మరీ చెప్పింది. తర్వాత పన్నెండు బోల్టులు గోడలోకి దిగాయి. ఇదివరకు ఈ ఇంట్లో నుంచి బయటికి వెళ్ళలేననేది ఒక్కటే నా బాధ. ఇప్పుడు అంగుళం పక్కకు కూడా జరగలేను.

మొదటి పది రోజులు వాకర్. ఆ తర్వాత ఒక చేతిలో కర్ర, ఒక చెయ్యి నా మీద. పై పలక మీద ఆయన అరచెయ్యి పడేది. చెమటగా, బరువుగా ఉండేది. ఒక సొరుగు దాటి ఇంకో సొరుగు పైకి రావడానికి ఒక్కోసారి నిమిషం పట్టేది. సాయంత్రం దుర్గారావు వచ్చి, "ఎందాకా వచ్చారండీ ఇయ్యాల?" అని అడిగేవాడు.

"మెంతుల దాకా."

"నిన్న కూడా మెంతులేగా అన్నారు?"

"నిన్న మెంతుల్లోకొచ్చా. ఇవాళ మెంతులు దాటా. వ్యాపారం నీకేం తెల్సు?"

వాము దగ్గర ఒకసారి మోకాలు వంగింది. బరువంతా నా మీద పడింది. బోల్టులు కిర్రుమన్నాయి గానీ రాలేదు. వెనక వస్తున్న వాసవాంబ రెండు చేతులూ చాచింది. ఆయన తల ఊపి వద్దన్నాడు. లేచాడు. ఆ రోజు అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోయాడు.

నిన్న పొద్దున ఇంగువ దగ్గరికి వచ్చాడు. అక్కడితో నేను అయిపోతాను. అక్కడి నుంచి స్నానాల గది గుమ్మం రెండడుగులు. పట్టుకోవడానికి ఏమీ లేదు. నా అంచు మీద ఆయన వేళ్ళు ఒక్కొక్కటే లేచాయి. ఆఖరికి చూపుడు వేలు లేచింది. కర్ర ఒకసారి తట్టింది, రెండుసార్లు తట్టింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

వాసవాంబ వచ్చి నా చివర నిలబడింది. చెవి తలుపుకు ఆనించింది.

"ఏవండీ, గడియెందుకేశారు? నేన్రానా?"

లోపల పీట కదిలిన చప్పుడైంది. మళ్ళీ పిలిచింది. "ఏవండీ!"

"తలుపు దగ్గర్నించి ఎళ్ళవే బాబూ" అంది లోపలి గొంతు. "నాకు సిగ్గు."

రెండున్నర నెలలు గిన్నె మోసిన మనిషి ఆ మాటకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు ముఖం కనిపించలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది, గిన్నెలు కావాలని గట్టిగా చప్పుడు చేస్తూ.

నేను మాత్రం పన్నెండు బోల్టులతో గోడకు బిగిసి ఉన్నదాన్ని. ఎక్కడికి వెళ్ళగలను? వినపడనట్టు ఉండిపోయాను.